రెండు చోట్లు

ఎనభై ఏడు వేసవిలో ప్రకాశరావు మద్రాసు నుంచి వచ్చి, అమలాపురంలో బస్సు మారి అల్లవరం చేరేసరికి ఇంటిముందు షామియానా వేసి ఉంది. కృతజ్ఞతా కూటమట. అక్క కృపావతి తలలో మూర్ఛ పుట్టే చోటు దొరికిందని, ఇక ఆపరేషనే తరువాయి అని అమ్మ సువార్తమ్మ చర్చి సంఘమంతటికీ చెప్పేసింది. దొరికిందని ఆవిడతో అన్నవాడెవడూ లేడు. లెక్క పూర్తయింది, వస్తున్నానని తను టెలిగ్రాం ఇచ్చిన పాపానికి ఇదంతా.

అతనికి కోప్పడే ఓపిక కూడా లేదు. మెదడులో నరాలు పనిచేసినప్పుడు రవ్వంత కరెంటు పారుతుంది, దాని చుట్టూ రవ్వంత అయస్కాంత శక్తి పుడుతుంది. అతని ప్రయోగశాలలోని యంత్రం తలను తాకకుండానే దాన్ని పట్టుకుంటుంది. పట్టుకోవడమంటే మాటలు కాదు. రోడ్డు మీద బస్సు వెళ్లినా, అక్క గుండె కొట్టుకున్నా ఆ గోలలో అంతా మునిగిపోతుంది. ఆ గోలను కంప్యూటర్లో వడగట్టి, మూర్ఛ తాలూకు అలలన్నీ కలిపి సగటు తీసి, అవి లోపలెక్కడ పుట్టాయో లెక్కగట్టాలి. వీధిలో నిలబడి, ఇంట్లో ఏ గదిలో పసిపిల్ల ఏడుస్తోందో చెప్పడం లాంటి పని.

ఆ అలలు రావాలంటే మాత్రలు తగ్గించాలి. బళ్లో పాఠాలు చెప్పుకునే అక్క అతని మాట నమ్మి తగ్గించింది. ముందు కొలతలు సరిగ్గా రాలేదు. చివరిసారి కొలిచే కుర్చీలోనే మూర్ఛ వచ్చి నాలుక కొరుక్కుంది. తేరుకుని, నోరు తుడుచుకుని, "ఈసారైనా సరిగ్గా పడిందా?" అని అడిగింది. అది తలుచుకుంటే అతనికి ఇప్పటికీ అన్నం సహించదు.

తీరా లెక్కలో రెండు చోట్లు తేలాయి. ఒకటి కోసినా పెద్ద నష్టం లేనిది. రెండోది మాట పుట్టే చోటు, కోస్తే మాటే పోతుంది. యంత్రం చూపిన అంకెలకు రెండూ ఒకేలా సరిపోతున్నాయి. ఆపరేషను చేసే డాక్టరుగారేమో మెదడు బొమ్మ మీద ఒక్కచోట చుక్క పెట్టి పంపమన్నారు.

అక్కను పెరట్లోకి పిలిచి ఉన్నదంతా చెప్పాడు.

"రెండిట్లో ఏదో తేల్చలేకపోయేను అక్కా. పోనీ మొదటిదని రాసెయ్యమంటావా?" అన్నాడు. అన్నాక తనమీద తనకే అసహ్యం వేసింది.

"నీ మనసు ఒప్పుకుంటుందా?"

"లేదు."

"అయితే నన్నెందుకడుగుతావు తమ్ముడూ?" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

పాటలయ్యాయి. పాస్టరుగారు లేచి, "దేవుడు చేసిన మేలుకి మన కృపావతిగారు సాక్ష్యం చెప్తారండి" అన్నారు. సువార్తమ్మ అప్పుడే ఆనందంతో కళ్లు ఒత్తుకుంటోంది. ప్రకాశరావు తల దించుకున్నాడు.

"చోటు దొరకలేదండి," అంది కృపావతి. "ఆపరేషనూ లేదండి. మళ్లీ మాత్రలే."

షామియానా కింద గుసగుసలు బయలుదేరాయి. సువార్తమ్మ కళ్ల మీంచి కొంగు దించింది.

"దొరికిందని అబద్ధం చెప్పడం మా తమ్ముడికెంతసేపండి? చెప్పలేదు. నా కోసం వెతికి వెతికి మనిషి సగమైపోయేడు. ఇవాళ నాకొద్దుగానీ, వాడి కోసం ప్రార్థన చెయ్యండి."

"ఆయ్, అలాగేనమ్మా" అంటూ పాస్టరుగారు వచ్చి అతని తలమీద చెయ్యి పెట్టారు. ఒక్కొక్కరే లేచి వచ్చారు. సువార్తమ్మ మాత్రం చాలాసేపు కదల్లేదు. చివరికి లేచి వచ్చి, అందరి చేతులూ తప్పించి, కొడుకు తలను తన పొట్టకు ఆనించుకుంది. అప్పుడు గాని ప్రకాశరావుకు ఏడుపు రాలేదు.