గుల్లలో పట్టేంత మాట

గురువారం మధ్యాహ్నం నమాజు పిలుపు అయిపోగానే జలంధర్ గుల్లలు కడగడానికి కూర్చునేవాడు. సముద్రం అవతలి అరబ్బు దేశంలో, అల్ హిలాల్ పేటలో, తన యజమాని అర్బాబ్ విల్లా వెనక, ఏసీ నీళ్ళు చుక్క చుక్క రాలే చోట ఒక చిన్న గది ఉంది. అందులో ఒక బల్ల, బల్లకు బిగించిన చేతి ప్రెస్సు, అద్దాల పెట్టెలో తక్కెడ. కాల్చేసిన ఇత్తడి తూటా గుల్లల్ని నిమ్మ ఉప్పు నీళ్ళలో వేసి, మసి వదిలేదాకా రుద్ది గుడ్డ మీద ఆరబెడితే, ఏ పెళ్ళికూతురి కోసమో చేయించినట్టు తళతళలాడేవి.

ఆరిన గుల్లను నూనె చేత్తో తడిమి, ప్రెస్సులో పెట్టి పిడి లాగితే, పేలినప్పుడు ఉబ్బిన దాని ఒళ్ళు మళ్ళీ సన్నబడేది. అడుగున, దెబ్బకు నిప్పు పుట్టించే కొత్త టోపీ కూర్చోబెట్టాలి. తుపాకి మందు తూచి పోయాలి. ఆఖరున మూతిలో గుండు దించాలి. దుకాణంలో దొరికే తూటాలు అర్బాబ్‌కు నచ్చవు. జింకలను కొట్టే అతని సన్న తుపాకికి జలంధర్ చేత్తో కట్టిన తూటాయే కావాలి.

మందు పోశాక, గుండు పెట్టకముందు, గుల్ల మూతి కాసేపు తెరిచి ఉంటుంది. అప్పుడు పెదాలు ఆనించి ఏదైనా మాట చెబితే అది లోపల నిలుస్తుంది. శుక్రవారం అర్బాబ్ వేటలో ఆ తూటా పేల్చి, గురి తప్పి, గుండు ఇసకలో పడిందా, మాట మాత్రం ఆగదు. సముద్రం దాటి, ఎవరికోసం చెప్పారో వాళ్ళ చెవి పక్కన టప్పున పేలుతుంది, ఎండకు ఆముదం కాయ పగిలినట్టు. విల్లాలో పనివాళ్ళకూ, కూలీల క్యాంపులో వాళ్ళకూ ఈ సంగతి తెలుసు. ఇంటి దగ్గర ఊళ్ళో ఫోను సర్పంచు ఇంట్లో ఒక్కటే ఉంది. అంతమంది చెవులొగ్గి నిలబడితే ఏ ఆడమనిషి మొగుడితో మనసు విప్పుతుంది? దానికన్నా తూటాయే నయం అనుకునేవాళ్ళు.

సన్న తుపాకి కదా, దాని గుల్ల మూతిలో చిటికెన వేలు కూడా పట్టదు. మాట కూడా అంతే ఉండాలి. ఎక్కువ చెబితే బల్ల మీద ఒలికిపోయేది.

ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపు నుంచి రత్నాకర్ ఇద్దరు ముగ్గుర్ని వెంటేసుకొని వచ్చేవాడు. అతనిదీ జలంధర్‌దీ జగిత్యాల పక్కన ఒకటే ఊరు.

"పురాణం జెప్పకురా బామ్మర్దీ, గుల్ల నిండిపాయె," అని వెనకనుంచి వీపు చరిచేవాడు. "మంచిగున్న అను, మూతి మూసెయ్. అవుతల ఇంకోడు నిలవడ్డడు."

గుండు జింకకు తగిలితే మాత్రం, మాట ఆ జింకలోకే పోతుంది. ఒకతను తన తమ్ముడికి 'బాయి తవ్వు' అని పంపితే, దెబ్బతిన్న జింక ప్రాణం పోయేదాకా ముందుకాళ్ళతో ఇసక తవ్వుతూనే ఉంది. అందుకే నిజామాబాద్ ఖాసీం, అర్బాబ్ జీపు నడిపేవాడు, ఎప్పుడూ అంటుండేవాడు: "మనోడి గురి గిట్లనే వంకరగ ఉండాలె భాయ్. ఆయనకు గురి కుదిరిందంటే మన ఊళ్ళన్నిటికి చెవుడొస్తది."

ఆ చలికాలం గురి కుదిరింది. అర్బాబ్ తుపాకి మీద కొత్త దుర్బిణి బిగించాడు. వారం వారం జింకలు పడుతూ వచ్చాయి. మాటలు దాటడం మానేశాయి. క్యాంపు వాళ్ళు కూడా ఒక్కొక్కరే రావడం తగ్గించారు.

జలంధర్ మానలేదు. పెళ్ళయిన ఏడే వచ్చేశాడు. భార్య సుహాసిని నవ్వితే ముందు చెవికమ్మలు ఊగేవి, తర్వాత నవ్వు వినిపించేది. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారిపోతుంది. ప్రతి వారం ఒక గుల్లలో 'యాదికొస్తున్నవ్' అని చెప్పేవాడు. ఆ మాట మోసుకొని ఎన్ని లేళ్ళు మెడలు వెనక్కి తిప్పి చూస్తూ చచ్చిపోయాయో. సుహాసిని చెవికి మాత్రం ఒక్కటీ చేరలేదు.

వేటకాలం ఆఖరి గురువారం నాడు రత్నాకర్ ఒక్కడే వచ్చాడు. సెలవు మీద ఊరికి పోయి తిరిగొచ్చాడు. ఎప్పటిలా వీపు చరచలేదు. గడప మీదే కూర్చున్నాడు.

"సుహాసిని చెల్లె కలిసింది," అన్నాడు.

"ఎట్లున్నది?"

"బక్కగయ్యింది. మాట ఒక్కటన్న రాకపాయె అన్నా, మనిషున్నడా లేడా అని అడిగింది. తల్లిగారోళ్ళు మారుమనువు చూస్తున్నరు. హోలీ ఎల్లినంక మాట ఇస్తరట." రత్నాకర్ గడప మీద ఇసక చేత్తో ఊడ్చాడు. "వస్తవా రావా, ఒక్క ముచ్చట చెప్పుమన్నది. రాకుంటె కోపం లేదన్నది. ఉండుమంటె ఎన్నేండ్లయిన ఉంటదట."

"నేను పంపుతనే ఉన్న గద!"

"జింకలకు పంపినవ్ బామ్మర్దీ," అన్నాడు రత్నాకర్ మెల్లగా.

అతను పోయాక జలంధర్ చేతులు తుడుచుకొని అర్బాబ్ కూర్చునే మజ్లిస్ గుమ్మం దగ్గరికి పోయి నిలబడ్డాడు. పాస్‌పోర్టు అర్బాబ్ బీరువాలో ఉంది. ఊరికి పోతానని అది అడిగాడు. అర్బాబ్ చెడ్డవాడు కాదు. ఖర్జూరాల పళ్ళెం ముందుకు జరిపాడు, నవ్వాడు, తనకొచ్చిన హిందీలో చెప్పాడు. "జవాజ్ బాద్ మే, పాస్‌పోర్టు సంగతి తర్వాత, జలంధర్. నీ చెయ్యి పోతే నా తుపాకి గుడ్డిదవుతుంది. వచ్చే ఏడు చూద్దాం, ఇన్షా అల్లాహ్."

పోయినేడు కూడా ఇదే మాట.

గదికి తిరిగొచ్చి చూస్తే మందు డబ్బా అడుగంటింది. తూచి చూశాడు. రెండు తూటాలకే వస్తుంది. మొదటి గుల్లలో మందు పోశాడు. కళ్ళ ముందు సుహాసిని తెల్ల వెంట్రుకలతో, అదే గుమ్మంలో, అదే కమ్మలతో నిలబడి కనిపించింది. గుల్లకు పెదాలు ఆనించి, "నా కోసం ఉండకు," అనేశాడు. వెంటనే గుండు దించి మూసేశాడు.

మూసేశాక దాన్ని అరచేతిలో తిప్పి చూసుకున్నాడు. ఏమన్నాను నేను? ఆమె లేని ఊరు ఏం ఊరు? ఏ గుమ్మం ముందు సామాను దించుకోవాలి? ఆ తూటాను కిటికీలో పెట్టి, దాన్ని తర్వాత విప్పేద్దామనుకొని, రెండో గుల్ల తీసుకున్నాడు. ఈసారి కళ్ళు మూసుకొని, ఆమె చెంపకు చెంప ఆనించినంత మెత్తగా చెప్పాడు: "ఉండు, వస్తున్న."

గుండు దించి, దాన్ని కూడా కిటికీలో పెట్టి, మొదటిది విప్పడానికి పనిముట్టు వెతుకుతుండగా అర్బాబ్ వచ్చాడు. రెండు తూటాలనూ ఒకే చేత్తో తీసి, అరచేతిలో దొర్లించి, వెలుతురుకు పట్టి చూశాడు.

"అర్బాబ్, ఏక్ ఖరాబ్ హై..."

"ఏది?"

జలంధర్ చూశాడు. రెండూ ఒక్కలాగే మెరుస్తున్నాయి. తక్కెడలో పెట్టినా మాటకు బరువుండదు.

"నీ చేతిలో ఖరాబ్ ఎప్పుడు వచ్చింది?" అని నవ్వి, అర్బాబ్ వాటిని తోలు సంచిలో వేసుకొని వెళ్ళిపోయాడు.

శుక్రవారం సాయంత్రం జీపు ఉత్తరానికి పోయింది. అక్కడ పెద్ద కంచె వేసి, కొనితెచ్చిన జింకలను వదిలాడు అర్బాబ్. దారిలో జలంధర్ తెలుగులో చెప్పిన సంగతంతా విని, ఖాసీం స్టీరింగు మీద వేళ్ళతో కొట్టాడు. "రెండూ జింకలకే తాకితే ఏ బాధా లేదు భాయ్," అన్నాడు.

"ఒక్కటన్న పోవాలె. ఉండుమన్నది పోవాలె."

ఎండ తేనె రంగులోకి తిరిగింది. ముళ్ళచెట్ల పక్కన జింకలు తలలెత్తాయి. అర్బాబ్ జీపు బానెట్ మీద మోచేతులు ఆనించి మొదటి తూటా పేల్చాడు. జింక వెనక ఇసక లేచింది. గురి తప్పింది. మంద చెదిరి పరుగెత్తింది. జలంధర్ తూర్పు వైపు తిరిగాడు. ఏదో ఒకటి పోయింది. ఇంత ఎండలో, ఇంత నీలంలో, తన గొంతు ఊరి వైపు పోతోంది. ఏది పోయిందో మాత్రం తెలియదు.

రెండో తూటా పేలింది. వెనకబడ్డ ఒక లేడి ముందుకు తూలింది.

దెబ్బతిన్న జింక మామూలుగా కొంత దూరం పరుగెడుతుంది. ఖాసీం కత్తి పట్టుకొని వెంటపడతాడు, ప్రాణం పోకముందే బిస్మిల్లా అని గొంతు కోయాలి కదా. ఈ లేడి పరుగెత్తలేదు. కాళ్ళు మడుచుకొని ఇసకలో కూర్చుంది. మంద పోయిన వైపు చూడలేదు. ముఖం జీపు వైపు తిప్పి, చెవులు నిక్కించి, ఎవరో ఇప్పుడే వచ్చేస్తారన్నట్టు చూస్తూ ఉంది. డొక్కలోంచి నెత్తురు కారుతున్నా కళ్ళు వాల్చలేదు.

దగ్గరిదాకా పోయిన ఖాసీం ఆగిపోయాడు. వెనక్కి తిరిగి, "ఇది నా కోసం కాదు భాయ్," అన్నాడు. "నీ కోసం ఉన్నది."

జలంధర్ నడిచాడు. కాళ్ళ కింద ఇసక జారిపోతోంది. అతను చేరేదాకా అది కదల్లేదు, చావలేదు, ఆగి ఉంది. పక్కన మోకాళ్ళ మీద కూలబడి దాని మెడ మీద చెయ్యి వేశాడు. ఒళ్ళంతా వెచ్చగా ఉంది.

"వచ్చిన," అన్నాడు దాని చెవిలో.

అప్పుడు లేడి పొడుగ్గా ఊపిరి వదిలి, తల అతని తొడ మీద పెట్టి, కళ్ళు మూసింది. ఖాసీం కత్తి వాడనేలేదు.

దూరంగా అర్బాబ్ ఇంకా దుర్బిణిలోంచే చూస్తున్నాడు. ఆ లేడి ముఖం అందులో ఎంత దగ్గరగా కనిపించిందో ఏమో, తుపాకిని పెట్టెలో పెట్టి తాళం వేశాడు. మళ్ళీ ఆ పెట్టె తెరవలేదు.

హోలీ వెళ్ళిపోయాక, సర్పంచు ఇంటికి ఫోను చేసి, సంగతి తెలుసుకొని రత్నాకర్ వచ్చాడు.

"ఆముదం చేన్ల గెలలు కోస్తుందట. చెవి పక్కన టప్పుమన్నదట. కాయ పగిలిందనుకున్నరు పక్కోళ్ళు. ఆమె లేసి నిలవడ్డది. ఒడిల గెలలు గట్టు మీద పోసి, చేతులు దులుపుకొని, అట్లనే తల్లిగారింటికి నడిచిపోయింది."

"ఏడ్చిందా?"

"లేదట. నీ గొంతు విన్నంక మొఖం తేటగయ్యిందట. మనిషైతే బతికే ఉన్నడని అన్నదట. మారుమనువుకు ఒప్పుకున్నదట."

ఆ వారమే అర్బాబ్ పిలిచి, అడగకుండానే పాస్‌పోర్టు చేతిలో పెట్టాడు. "తుపాకి లేదు, తూటా కూడా లేదు. ఇంక నువ్వు ఇంటికి పో, జలంధర్," అన్నాడు. ముఖం చూడకుండా అన్నాడు.

జీపు పక్కన ఖాసీం ఎదురొచ్చాడు. "ముబారక్ భాయ్! యల్లా, నడువ్, టికెటు చూద్దాం. ఎప్పుడు పోతవ్?"

"ఎవరింటికి?" అన్నాడు జలంధర్.

ఖాసీం జీపు తాళాలు జేబులో వేసుకున్నాడు.

కంచె దగ్గర జింకలకు మేత వేసే పని ఇమ్మని జలంధర్ అర్బాబ్‌ను అడుక్కున్నాడు. ఇప్పుడు అక్కడే రేకుల గదిలో ఉంటున్నాడు. పొద్దు వాలే వేళకు గడ్డిమోపు భుజాన వేసుకొని బయల్దేరుతాడు. అతను ఇంకా చాలా దూరంలో ఉండగానే జింకలన్నీ ముళ్ళచెట్ల నీడలు వదిలి, కంచె వెంట వరసగా వచ్చి, చెవులు నిక్కించి నిలబడతాయి. ఒక్కటీ అరవదు, ఒక్కటీ కదలదు. గాలికి ఇసక కళ్ళలో పడుతుంటే, ఒక చేత్తో ముఖం తుడుచుకుంటూ, జలంధర్ దూరం నుంచే మెల్లగా చెబుతాడు.

"ఉండున్రి. వస్తున్న."