వెల్డా ప్రూయిట్ కుక్క కంచె

సికమోర్ కోవ్ క్యాంపులో తెల్లవారిందంటే ముందు కాఫీ వాసన వస్తుంది, ఆ వెనకే కుక్కలు వస్తాయి. ఆర్వీలంటే ఇళ్ళలాంటి బండ్లు, వాటి తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటాయి. నిద్రమొహాలతో, నలిగిన పైజమాలతో ముసలాళ్ళు దిగుతారు. వాళ్ళ కాళ్ళ సందుల్లోంచి కుక్కలు ముందే దూకేస్తాయి. బండి పక్కన కంకర మీద తీగల కంచె విప్పడం, అందులోకి కుక్కను వదలడం, పక్కన మడత కుర్చీ వేసుకుని కూచోవడం, ఇదీ ఆర్కాన్సా కొండల్లోని ఆ సరస్సు ఒడ్డున రోజూ పొద్దున్నే జరిగే తంతు. కంచె అందరిదీ ఒకటే రకం. ఎనిమిది పలకలు, ఒక పలకకు గేటు, గాలికి పడిపోకుండా లోపలి వైపు నాలుగు మేకులు.

జూన్ మొదటి రోజున వెల్డా ప్రూయిట్ కూడా రెండో నంబరు స్థలంలో బండి ఆపి కంచె విప్పింది. విప్పి, మేకులు దిగ్గొట్టి, గేటు వేసి, పక్కన కుర్చీలో కూచుంది. కంచె లోపల కుక్క లేదు.

వెల్డాకు అరవై ఎనిమిదేళ్ళు. కాన్సాస్‌లో ముప్ఫై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. గొంతెత్తకుండానే బస్సులో పిల్లల్ని కూచోబెట్టగల మనిషి. మొగుడు పోయాక ఇల్లు అమ్మేసి ఈ బండి కొనుక్కుంది, డ్రైవరు సీటు పక్కన డ్యూయీని పడుకోబెట్టుకుని ఊళ్ళు తిరిగింది. డ్యూయీ పదమూడేళ్ళ వేట కుక్క. వేట ఎప్పుడూ చెయ్యలేదు. చెవుడు. వెల్డా అరికాలితో నేలను రెండుసార్లు తడితే తోక ఊపేది.

ఆ డ్యూయీని పోయినేడాది ఇక్కడే, ఇదే రెండో నంబరు స్థలంలో పోగొట్టుకుంది. అందుకు కారకుడు పక్క స్థలంలోనే ఉన్నాడు.

అతని పేరు నార్బర్ట్ స్కాగ్స్, క్యాంపు హోస్టు. హోస్టంటే జీతగాడేం కాదు, అతనూ ఆర్వీలో తిరిగే ముసలాయనే. క్యాంపు గేటు పక్కనున్న ఒకటో నంబరు స్థలం అతనికి ఉచితం. దానికి బదులుగా నారింజ రంగు చొక్కా తొడుక్కుని, నాలుగు పేజీల రూళ్ళ కాగితం చేతపట్టుకుని అందరి మీదా ఓ కన్నేసి ఉంచాలి. ఇంకెవరైనా అయితే ఆ చొక్కా కుర్చీ వీపుకు తగిలించి చేపలు పట్టుకునేవారు. నార్బర్ట్ మాత్రం దానికి రోజూ ఇస్త్రీ చేసేవాడు. నడుముకు కొలత టేపు ఉండేది.

రూళ్ళలో కుక్కల కంచెల గురించి ఉన్నవి మూడే. కంచె మూడడుగుల ఎత్తు దాటకూడదు. దాని గేటు బండికి ఆరడుగుల లోపు ఉండాలి. లోపల ప్రాణి ఉన్నంతసేపూ మనిషి దగ్గరుండి నీళ్ళూ అవీ చూసుకోవాలి. 

పోయినేడాది ఒక పొద్దున వెల్డా బండిలోనే, కిటికీ పక్కనే నిలబడి డ్యూయీ మాత్రను వేరుశనగ ముద్దలో పెడుతోంది. నార్బర్ట్ టేపు వేసి కొలిచాడు. గేటు ఎనిమిదడుగుల దూరాన ఉందని తేల్చాడు. తలుపు తట్టలేదు, పిలవలేదు. మేకులు పీకి, కంచె మడిచి, బండికి ఆనించి, అద్దానికి ఒక చీటీ అంటించి తన దారిన తను పోయాడు. చుట్టూ ఉన్న కంచె మాయమైతే చెవిటి కుక్కకు ఏం తెలుస్తుంది? గడ్డి వాసన చూసుకుంటూ హైవే మీదికి నడిచింది. దుంగల లారీ వచ్చింది.

"రూలు రూలే కదండీ వెల్డా గారూ! నా పని నేను చేశాను" అన్నాడు నార్బర్ట్. ఆ వెంటనే, "ఇక్కడ పూడ్చడానికి మాత్రం ఒప్పుకోరు" అని కూడా అన్నాడు.

వెల్డా కుక్కను దుప్పట్లో చుట్టి, ఎప్పుడూ పడుకునే చోటే, సీటు పక్కన పెట్టుకుని తొమ్మిది గంటలు బండి నడిపి కాన్సాస్ చేరింది. ఆ తొమ్మిది గంటల్లో ఆమె ఏడవలేదు. నార్బర్ట్ స్కాగ్స్‌ను ఊరికే వదలనని మాత్రం అనుకుంది. కాన్సాస్ చేరిన రోజే క్యాంపుకు ఫోను చేసి, మళ్ళీ ఏడాదికి అదే స్థలం కావాలని చెప్పి రాయించుకుంది. ఏం చెయ్యాలో అప్పటికి ఆమెకూ తెలియదు. కంచె మాత్రం వెంట తెచ్చుకుంది.

నార్బర్ట్ మొదటి రోజే వచ్చి నిలబడ్డాడు.

"వెల్డా గారూ, కుక్క లేకుండా కంచెందుకండీ?"

"లోపల కుక్క ఉండి తీరాలని నీ కాగితంలో ఉందా?"

అతను నాలుగు పేజీలూ తిప్పాడు. వెనక్కి తిప్పి ఇంకోసారి చూశాడు. లేదు.

మర్నాడు పొద్దున కాఫీ మరిగేసరికి కంచెకు తొమ్మిది పలకలున్నాయి. మూడో నంబరులో ఉండే ఒపాల్ డెవోర్, పొట్టి కాళ్ళ కుక్కలు రెండింటిని లాక్కుంటూ వచ్చి చూసింది.

"ఏమేవ్ వెల్డా, పలకేసిందే!"

"ఆఁ, ఇందాకే."

"మిసోరీలో మా చెల్లెలిది కూడా ఒకసారి ఇట్లాగే మూడేసిందే. వాళ్ళ పక్కింటోడు కుక్కను తన్నాడులే. కడుపుమంట ఉంటే తొందరగా వేస్తాయి. నీది గట్టిగా ఎదిగేట్టుంది, చూడు ఎంత నున్నగా ఉందో." ఒపాల్ కొత్త పలకను వేలితో నిమిరి, ఎండ ఎక్కకముందే తువ్వాళ్ళు ఆరేసుకోవాలని వెళ్ళిపోయింది.

నార్బర్ట్ వచ్చి లెక్కపెట్టాడు.

"నిన్న ఎనిమిదండీ."

"అవును."

"ఇవాళ తొమ్మిది."

"లెక్కలు బాగానే వచ్చు నీకు."

అతను ఎత్తు కొలిచాడు, మూడడుగులే. పలకలు ఎన్నుండాలో రూళ్ళలో లేదు. అప్పుడు మోకాళ్ళ మీద కూచుని, టేపు ఒక కొసను బండి గోడకు ఆనించి రెండో కొసను గేటు దాకా లాగాడు. మొహం వెలిగింది.

"ఎనిమిదడుగులండీ! మళ్ళీ అదే తప్పు!"

ఏడాదిగా వెల్డా ఎదురుచూస్తున్నది దీనికోసమే. ఆమె బండికి పక్క గది ఒకటుంది, మీట నొక్కితే గోడలోంచి మూడడుగులు బయటికి జరుగుతుంది. బండి నిలిపినప్పుడల్లా దాన్ని జరుపుకునే ఉంటారు ఎవరైనా. నార్బర్ట్ ఆ గది కిందకు దూరి మరీ అసలు గోడ నుంచి కొలిచాడు.

"రెండో పేజీ తియ్యి. అట్టడుగున చూడు, చిన్న అక్షరాలు" అంది వెల్డా. "పైకి చదువు."

"పక్క గది బయటికి జరిపి ఉంటే..." నార్బర్ట్ చదవడం మొదలుపెట్టి ఆగాడు.

"చదువు."

"...ఆ గది అంచు నుంచే కొలవాలి."

"ఇప్పుడు కొలువు."

కొలిచాడు. అయిదడుగులు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"పోయినేడాది కూడా గోడ నుంచే కొలిచావు నార్బర్ట్. నా కంచె రూలు ప్రకారమే ఉంది. అయినా కుక్క లోపలుండగా పీకేశావు."

నార్బర్ట్ టేపు చుట్టుకుంటూ లేచాడు. "పోయినేడాది సంగతి ఇప్పుడెందుకండీ! అయిపోయిందేదో అయిపోయింది. కుక్కే కదా, ఇంకోటి తెచ్చుకోవచ్చు" అన్నాడు.

వాణ్ణి ఆ క్షణమే ఆ హైవే మీదికి ఈడ్చుకుపోవాలనిపించింది వెల్డాకు.

ఆ మర్నాటి నుంచి కంచె రోజుకు రెండేసి పలకలు వేసింది. గేటు కదలకుండా ఉన్నచోటే ఉండి, అటు కొస ఒకటో నంబరు వైపు సాగింది. బల్ల అడ్డొస్తే బల్లను చుట్టి పోయింది, ఓక్ చెట్టు అడ్డొస్తే చెట్టును చుట్టి పోయింది. ఒపాల్ తన తువ్వాళ్ళు దాని మీదే ఆరేసింది. కొత్తగా దిగినవాళ్ళు చూసి, "ఎవరిదో కుక్కకు అన్యాయం జరిగినట్టుంది పాపం" అనుకుని తమ బండ్లు కొంచెం ఎడంగా పెట్టుకున్నారు. నార్బర్ట్ మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి కొలిచాడు. ఎత్తు మూడడుగులు. గేటు అయిదడుగులు. కాగితంలో టిక్కు పెట్టలేక, పెట్టకుండా ఉండలేక పళ్ళు నూరుకుంటూ పోయేవాడు.

పన్నెండో రోజున క్యాంపు యజమానురాలు గ్లెండాకు ఫోను చేశాడు.

"అది నా బండి దాకా వచ్చిందండీ! నా గుడారం నీడలోకి వచ్చేసింది!"

"ఎత్తు సరిగ్గా ఉందా?" అంది గ్లెండా.

"ఉందండీ."

"గేటు?"

"అదీ ఉందండీ. కానీ..."

"మరి నేనేం రాయను నార్బర్ట్? జూన్‌లో పెరుగుతాయి. ఏ మనిషైనా ఇక్కడ పద్నాలుగు రోజులకు మించి ఉండకూడదు కదా, ఎల్లుండికి ఆవిడే వెళ్ళిపోతుంది. అందాకా ఓర్చుకో."

ఆ సంగతి వెల్డాకూ తెలుసు. హోస్టు తప్ప ఎవరూ పద్నాలుగు రోజులు దాటకూడదు. ఇంకో రెండు పొద్దులు పోతే ఈ కంచె మడుచుకుని, అతన్ని అతని ఇస్త్రీ చొక్కాలో అలాగే వదిలేసి వెళ్ళాలి. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా చేతిలోని కాఫీని కంకర మీద పారబోసేది.

పదమూడో రోజు పొద్దున నార్బర్ట్ తలుపు తీసి చూస్తే అతని మడత కుర్చీ కంచె లోపలుంది. అదే హోస్టు కుర్చీ, వీపు మీద పేరు కుట్టించుకున్నది. ఇక అతనికి ఓపిక నశించింది. చేతిలో సుత్తి పట్టుకుని విసవిసా వెల్డా బండి దగ్గరికి వచ్చాడు. వెల్డా కిటికీ పక్కనే ఉంది. ఈసారీ అతను పిలవలేదు. మేకులు లోపలి వైపున ఉంటాయి కదా, గేటు తీసుకుని లోపలికి పోయాడు.

గేటు అతని వెనక మూసుకుంది. కొక్కెం బయట దానంతటదే పడింది.

అతను ఆ చివరికంటా పోయి కుర్చీ తీసుకునేలోపే పలకలు ఒకదానిలోకి ఒకటి ముడుచుకోసాగాయి. తొందరేం లేదు వాటికి. అతన్నీ కుర్చీనీ మెల్లగా తోసుకుంటూ, చెట్టును దాటించి, బల్లను దాటించి వెల్డా స్థలంలోకి తెచ్చాయి. అంతా అయ్యేసరికి కంచె మళ్ళీ ఎనిమిది పలకలైంది. మధ్యలో నార్బర్ట్ కుర్చీ చంకన పెట్టుకుని నిలబడ్డాడు.

"ఇదేంటండీ!" అని దాటబోయి కాలెత్తాడు. కాలు ఎంత లేచిందో కంచె అంత లేచింది. దించితే దిగింది. ఇంకో కాలెత్తాడు. మళ్ళీ అదే.

"నార్బర్ట్, కాలు దించవయ్యా, మూడడుగులు దాటుతోంది, రూలు ఒప్పుకోదు" అని ఒపాల్ మూడో నంబరులోంచి అరిచింది. నలుగురు కాఫీ కప్పులతో వచ్చి నిలబడ్డారు.

ఒపాలే గ్లెండాకు ఫోను కలిపి, అందరికీ వినపడేలా పెట్టింది.

"లోపల ప్రాణి ఉంది, మరి దగ్గర మనిషి ఉందా?" అని మొదట అడిగింది గ్లెండా.

"నేనున్నాను" అంది వెల్డా.

"కానీ రేపటికి మీ గడువు తీరుతుంది కదమ్మా. కంచెలో ఉన్న మనిషి హోస్టు పనెలా చేస్తాడు? నాకు ఇవాళే ఎవరో ఒకరు కావాలి. హోస్టుకైతే గడువు లేదు. మీకు ఇష్టమేనా?"

"గ్లెండా గారూ, వద్దండీ! ఇంకెవర్నైనా పెట్టండి! ఈవిడొద్దు!" నార్బర్ట్ గొంతు కీచుమంది.

"ఇష్టమే" అంది వెల్డా.

"అయితే చొక్కా ఆవిడకిచ్చెయ్యి నార్బర్ట్."

అతను గుండీలు తీసి, చొక్కా కంచె మీదుగా అందించాడు. దానికి మాత్రం కంచె అడ్డు రాలేదు. వెల్డా తొడుక్కుంది. భుజాల దగ్గర కొంచెం వదులు. చేతులు రెండు మడతలు పెట్టుకుంది.

కాఫీలైపోయి అందరూ ఎవరి స్థలాలకు వాళ్ళు పోయారు. నార్బర్ట్ గేటు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఆ కొక్కెం తియ్యండి వెల్డా గారూ. నేను లాగితే రావట్లేదు, మీరు తీస్తేనే వస్తుందిది."

"ఏం చేశావో చెప్పు."

"గోడ నుంచి కొలిచాను. తప్పు కొలిచాను."

"ఇంకా?"

"కుక్క లోపలుంది. చూశాను. మిమ్మల్ని కిటికీలోంచి చూశాను కూడా. పిలిస్తే వాదిస్తారని పిలవలేదు."

"పేరు."

నార్బర్ట్ తల దించుకున్నాడు. పోయినేడాది అద్దానికి అంటించిన చీటీలో కుక్క పేరు అతనే రాశాడు, మరిచిపోయేదేం కాదు. "డ్యూయీ" అన్నాడు.

వెల్డా లేచి వచ్చి కొక్కెం మీద చెయ్యి వేసింది. పైకి కాదు, కిందికి నొక్కింది, సరిగ్గా పడిందో లేదోనని. ఒకసారి గేటు ఊపి చూసింది. బాగానే పడింది.

"ఎన్నాళ్ళండీ ఇట్లా?" నార్బర్ట్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకేం తొందర లేదు. హోస్టుకు గడువు లేదట కదా."

బండిలోకి పోయి, రేకు గిన్నెలో మంచినీళ్ళు నింపి తెచ్చి కంచె లోపల కంకర మీద పెట్టింది. నార్బర్ట్ మొహం తిప్పుకున్నాడు. కుర్చీ విప్పుకుని, అటు తిరిగి కూచున్నాడు. ఎండ చెట్ల మీదికి వచ్చింది, తర్వాత కంకర మీదికి వచ్చింది, తర్వాత అతని మెడ మీదికి వచ్చింది. వెల్డా తన కుర్చీలో కదలకుండా చూస్తూ కూచుంది. మధ్యాహ్నం దాటాక అతను వంగి గిన్నెను రెండు చేతులతో ఎత్తి, చివరి చుక్క దాకా తాగాడు.

అప్పుడు వెల్డాకు ఆకలేసింది. ఏడాదిగా తింటూనే ఉంది కానీ ఆకలేసి తినడం ఇదే మొదలు. బయటి పొయ్యి వెలిగించి, పెనం మీద పంది మాంసం ముక్కలు పరిచి, వాటి కొవ్వులోనే మూడు గుడ్లు కొట్టింది. వాసన కంచె దాకా పోయింది. నార్బర్ట్ తలెత్తి చూశాడు. వెల్డా పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, అతని ఎదురుగానే కూచుని, నిదానంగా తిన్నది.