కుంకుమ పక్కన అరక్కు

అట్ల కాదు పాపా, "ఎర్ర చీర" అని ఒక్క ముక్కలో రాసేస్తే యాడ తెలుస్తాది? తాత నిదానంగా చెప్తాడు, రాయి. ఒళ్లు మొదట్లో కుంకుమ రంగు. అంచు అరక్కు, లక్క మాదిరి నల్లెరుపు. పక్కపక్కన పెడితేనే రెండూ లేస్తాయి. రెండూ ఒకే ఎరుపయితే అంచు సచ్చిపోతాది.

నేను వయసులో ఉన్నప్పుడు నగరిలో మా వీధంతా సావుకారు వరదయ్య మగ్గాలే. రంగుపొడి సగమే ఇస్తా ఉండె. ముందు ముంచిన నూలు కుంకుమ, కడాన ముంచింది ఇటికె రంగు. ఒకనాడు వచ్చి, మా అద్దకం కోదండం పెండ్లాం చౌడేశ్వరి మగ్గం కాడ నిలబడినాడు.

"ఇదేం ఎరుపే? నేనిచ్చిన మచ్చు ఇదేనా?"

"పొడి సగమే ఇస్తే రంగు యాడ నుంచి వస్తాది సామీ?"

వరదయ్య కత్తెర తీసి మగ్గం మీది నిలువు పోగులు, పడుగంతా అడ్డంగా కోసేసినాడు. సగం నేసిన చీర. పడుగు కోస్తే మాకు పీక కోసినట్టే.

ఆ పూటే మగ్గాలన్నీ నిలిపేసినాం. కొన్నాళ్లకి కూటంలో యతిరాజులు లేసినాడు, మాలో పెద్దోడు.

"పడుగుకు పూసే గంజి బిడ్డలకి పోస్తా ఉండాం. ఈ రోసం ఎవురికప్పా?"

"ఈపొద్దు నా పడుగు. రేపు నీది కోస్తే ఆ గంజీ ఉండదు మామా," అనింది చౌడేశ్వరి.

పోలీసులొచ్చినారు. ఎర్రజెండా కనపడితే లోపలేస్తాం అన్నారు. మర్నాడు సూస్తే, రంగు తేడా అని వరదయ్య ఎనక్కి కొట్టిన చీరలు ఇంటింటి ముందరా దండేలకెక్కినాయి. ఇటికె, దానిమ్మ, మిరపపండు, అరక్కు. యతిరాజులింటి ముందర కూడా.

ఇన్‌స్పెక్టరు వరదయ్యను పిలిపించినాడు. "ఇందులో జెండా ఏదయ్యా?"

కోదండం నవ్వినాడు. "పోగు తేడా పట్టే కన్ను గదా సావుకారా. సూపించు."

వరదయ్య ఈ కొస నుంచి ఆ కొసకి నడిసినాడు. "అన్నీ" అన్నాడు.

అన్నీ పీకి జీపులో ఏసినారు. కోదండాన్ని కూడా. తిరిగి శవాన్నే ఇచ్చినారు. మోచేతుల దాకా అద్దకం రంగు అట్లనే ఉండె. తక్కిన ఎరుపు నీ చేత రాయించను పాపా.

కర్మ కాకముందే చౌడేశ్వరి చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకొని మగ్గం కాడ కూసునింది. కోసిన పోగుకు పోగు ముడేస్తా ఉండె. వీధంతా పోయి ఆమె పక్కన కూసున్నాం. ఎవురింట్లో మిగిలిన ఎర్ర నూలు వాళ్లు తెచ్చి అడ్డం నేసే పేకకిచ్చినారు. ఆ చీర ముందర పట్టుకొని వరదయ్య వాకిలికి పోయినాం. లాఠీలు ఆడ నిలబడే ఉండె. మేమూ నిలబడినాం.

ఆ చంటిబిడ్డే మన ప్రసూనాంబ. రేణిగుంటలో ఆమె పనిచేసే ఫ్యాక్టరీకి ఓనర్లు తాళమేసినారంట, పనోళ్లంతా గేటు కాడ కూసోనుండారంట. పోయి ఇది ఆమెకి సదివి ఇనిపించు. ఆ చీర నా పెట్టెలో ఉండాది. అదీ ఎత్తుకొని పో.