ఉతకని చొక్కా

మగ్గం దిగిన ముతక బట్ట మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. అందుకే కొజిమా ఊళ్లో పనిచొక్కాలు కుట్టేవాళ్లు కాస్త పెద్దగా కోసి, ఉతికాక కాలరు ఎంతకొస్తుందో ఆ కొలతే లేబులు మీద వేస్తారు. ముప్పై ఎనిమిదేళ్ల కుట్టుపనిలో హిసయో ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు. ఆమె కుట్టిన ప్రతి చొక్కాలోనూ లేబులు పక్కన చిన్న గుడ్డ ముక్క మీద ఆమె పేరుంటుంది.

ఆ సోమవారం పొద్దున్నే బల్ల మీది చొక్కాలు చూసేసరికి ఆమెకు ఒళ్లు మండిపోయింది. తను పదిహేను అంగుళాలని వేసిన లేబులు పోయి, పదిహేనున్నర అని కొత్తది వచ్చింది. అరవై చొక్కాలకీ అదే వరస.

యజమాని నంబా, తాత పెట్టిన కార్ఖానా చేతికొచ్చి ఏడాదైనా నిండనివాడు, టోక్యోలో తన కొట్టుకి చొక్కాలు కొనడానికొచ్చిన ఒగిసోకు అద్దం పట్టుకుని నిలబడ్డాడు. ఒగిసో ఒంటిమీద ఆ చొక్కాల్లోదే ఒకటి కొలిచి కుట్టినట్టుంది.

"లేబుళ్లు ఎవరు మార్చారండీ?"

"నేనే మార్పించా హిసయో గారూ. కొట్లో వేసుకు చూసేవాళ్లకి మన కొలతలు వదులైపోతున్నాయి. నచ్చక వెళ్లిపోతున్నారు."

"ఉతికితే?"

"ఎవరు ఉతుకుతారండీ?" ఒగిసో నవ్వాడు. "ముప్పై ఆరు వేల యెన్ల చొక్కా! మావాళ్లు ఏడాదిదాకా నీళ్లు తగలనివ్వరు. ఈ మధ్య అదో గొప్ప."

ఓడల తుప్పు గీకిన హిసయో తండ్రి చొక్కాను తల్లి రోజూ ఉడకబెట్టి ఉతికేది. చెమట పట్టని ఒంటికి పనిచొక్కా అంటగట్టడం ఒక ఎత్తు. ఆ దొంగ కొలత పక్కన తన పేరుండటం ఇంకో ఎత్తు.

"ఎప్పటికైనా ఒకడు ఉతుకుతాడు. చెయ్యెత్తితే చంక పిగులుతుంది. వాడు మిమ్మల్ని తిట్టడు, అక్కడ పేరున్న నన్ను తిడతాడు. ఏదీ, విప్పండి."

ఒగిసో విప్పీ విప్పకముందే లాక్కుని, మూలనున్న వేడినీళ్ల తొట్టిలో ముంచేసింది.

"ముప్పై ఆరు వేలు!" నంబా కేకపెట్టాడు.

"నా జీతంలో కోసుకోండి."

ఉతికి, పిండి, డ్రయ్యరులో వేసింది. ఆరాక తీసి ఒగిసోకు మళ్లీ తొడిగితే చేతులు మణికట్టు దాటి పైకి పోయాయి. రొమ్ము దగ్గర బొత్తాం అందలేదు. మిషన్ల దగ్గర ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. ఒగిసో మాత్రం సిగ్గుపడలేదు.

"ఓ పని చేద్దాం నంబా గారూ. 'ఉతకరాదు' అని చీటీ కడదాం. ఇంకో రెండు వేలు ఎక్కువే పలుకుతుంది."

నంబా ముఖం వెలిగింది. అది చూశాక హిసయో ఇక ఆగలేదు. కుట్లు విప్పే కత్తి తీసుకుని చొక్కాల్లోంచి తన పేరు ఊడదీయడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు.

"మీ పేరు లేకపోతే ఇరవై వేలే పలుకుతుందండీ," అన్నాడు ఒగిసో కంగారుగా.

"విన్నావా?" ఆమె నంబాను నువ్వు అనడం అదే మొదటిసారి. "బట్టకీ కుట్టుకీ ఇరవై వేలు. మిగతాదంతా నా పేరుకి. దాన్ని పెట్టుకుని అబద్ధాలు అమ్ముకుంటావా? నీకు సిగ్గనిపించలేదూ?"

నంబా నడుం వంచి తల దించాడు. "తప్పయిపోయింది. పాత లేబుళ్లే వేద్దాం. ఆ కత్తి పెట్టేయండి."

"వేద్దాం కాదు, నువ్వు వెయ్యి. అరవై ఉన్నాయి." ఆమె మిషను ముందు తన కుర్చీ లాగింది. "కూర్చో."

ఒగిసో రైలుకు టైమవుతోందని లేవబోయాడు.

"మీరూ కూర్చోండి. అయ్యాక పట్టుకెళ్దురుగాని."

మూడు తరాల కార్ఖానాకు యజమాని. మిషను సూదిలో దారం ఎక్కించడం రాదు. నాలుగుసార్లు తప్పి, సాయం కోసం తలెత్తి చూశాడు. హిసయో చేతులు కట్టుకుని అలాగే నిలబడింది.