వదినగారండీ, కొంచెం ఎడమకి

ఏలూరులో మేం తిన్న మొదటి గోలుకి కారణం మర్యాద.

బంతి ఎడమపక్క నుంచి వస్తోంది. మా గోల్‌కీపరు వీరదుర్గ దాన్ని అందరికంటే ముందు చూసింది. తన ముందున్న డిఫెండరు తలుపులమ్మ కాస్త ఎడమకి జరిగితే దారి మూసుకుపోతుందని కూడా కనిపెట్టింది. “వదినగారండీ, కొంచెం ఎడమకి జరుగుతారా అండీ” అంది. ఆ మాట పూర్తయ్యేసరికి బంతి వలలో పడింది.

తలుపులమ్మ నా కూతురు, జట్టుకి కెప్టెను. వీరదుర్గ నా కోడలు, నా కొడుకు వెంకటరమణ పెళ్ళాం. మాది నరసాపురం దగ్గర సముద్రపు ఒడ్డున పల్లె. రెండో డివిజన్ మహిళల ఫుట్‌బాల్ లీగులో నరసాపురం జట్టంటే సగం మా పల్లె పిల్లలే. సంక్రాంతి ముందు మొదలై ఎండలు ముదిరేదాకా, ఆదివారం ఆదివారం ఒక్కో ఊళ్ళో మ్యాచ్ ఉంటుంది. ఆడపిల్లలు ఊళ్ళు తిరగాలంటే పెద్దమనిషి ఒకరు తోడుండాలని పల్లెలో అన్నారు. మా ఆయన పోయాక, మోకాళ్ళ నొప్పులకి చేపల తట్ట దించేసి తీరిగ్గా ఉన్నదాన్ని నేనే. అందుకని పులిహోర క్యాను, మంచినీళ్ళ డబ్బా పట్టుకుని వ్యానులో ముందు సీట్లో కూర్చునేదాన్ని.

విశ్రాంతి సమయంలో కోచ్ ప్రసన్నకుమార్ వీరదుర్గని పిలిచాడు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు అతను.

“అమ్మా, నువ్వు గోల్‌కీపరువా, పెళ్ళి శుభలేఖవా? ‘కొంచెం జరుగుతారా అండీ’ ఏంటి?”

“పెద్దవారు కదండీ మాస్టారూ.”

“గ్రౌండులో పెద్దా చిన్నా లేరు. వెనకనుంచి ఆటంతా కనపడేది గోలీకే. నువ్వే అందరికీ చెప్పాలి. పేరు పెట్టి అరువు. ‘తలుపూ, లెఫ్ట్!’ అంతే.”

“అలాగేనండి.”

“పిలవ్వే, నేనేమన్నా కొరుకుతానా?” అంది తలుపులమ్మ. అంది గానీ, వియ్యాలవారింట్లో విస్తరి ఆలస్యంగా వేసినప్పుడు ఉంటుందే, అలా ఉంది దాని మొహం.

వాళ్ళ నాన్న పోయేసరికి రమణ చిన్నవాడు. రొయ్యల షెడ్డులో పొట్టు ఒలిచి తమ్ముణ్ణి పెంచింది తలుపులమ్మే. వీరదుర్గని చూసి మా ఇంటికి సరిపోతుందన్నదీ అదే. పెళ్ళైన కొత్తలో అటక మీంచి జారిపడుతున్న ఆవకాయ జాడీని వీరదుర్గ గాల్లో పట్టుకుంది. అది చూసి మర్నాడే గ్రౌండుకి లాక్కెళ్ళిందీ అదే. మా వీధిలో కోడళ్ళు “ఏంటత్తా” అని నోరారా పిలుస్తారు. వీరదుర్గ పెంపకం వేరు. మేకకి కూడా “ఇటు రామ్మా” అని చెప్తుంది. అలాంటి పిల్ల వదినని పేరు పెట్టి పిలవాలి, అదీ ఊళ్ళో జనం మధ్య.

తర్వాతి ఆదివారం రామచంద్రపురంలో కూడా నోరు పెగల్లేదు. పట్టాల్సిన బంతులన్నీ పట్టింది. చెప్పాల్సినవి మాత్రం చెప్పలేదు. రెండు గోలులు తిన్నాం. తిరిగొచ్చేటప్పుడు ప్రసన్నకుమార్ వ్యానులో అందరి ముందూ అన్నాడు.

“సీజన్ అయ్యేలోపు నీకు నోరు రాకపోతే వచ్చే ఏడు గోల్లో నాగశ్రీ నిలబడుతుంది. ఇది కోపంతో అంటున్నది కాదమ్మా.”

నాగశ్రీ భీమవరం రాజులమ్మాయి. డిగ్రీ చదువుతోంది. మా రెండో గోలీ. బంతి దాని చేతుల్లో సబ్బుముక్కలా జారిపోతుంది, నోరు మాత్రం పక్క ఊరికి వినపడుతుంది. “అక్కా, నీ చేతులు నాకిచ్చెయ్, నా నోరు నువ్వు తీసుకో. ఇద్దరం కలిస్తే ఒక గోలీ అవుతాం” అంది. అందరూ నవ్వారు. వీరదుర్గ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చాక చేపలు కడుగుతూ నాతో అంది, “రొయ్యల షెడ్డులో సూపర్‌వైజరు చెప్పింది చేస్తానండి అత్తయ్యగారూ. ఇంట్లో మీరు చెప్పింది చేస్తాను. ఆ రెండు కర్రల మధ్య నిలబడితే మటుకు, ఏం చెయ్యాలో నాకే తెలుస్తుందండి. అది పోతే ఎలాగండీ?”

ఆ పిల్ల తన గురించి అన్ని మాటలు చెప్పడం అదే మొదలు. నాకు ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. పేరెత్తకుండా మనిషిని పిలవడం మా ఈడు ఆడవాళ్ళకి కొత్త కాదు. మొగుడి పేరు పలక్కుండానే కాపరం చేశాం. పడవలన్నీ ఒకేసారి ఒడ్డుకొస్తుంటే “ఇదిగో” అని కేకేసేదాన్ని. అన్ని పడవల్లోనూ మా ఆయనొక్కడే తల తిప్పేవాడు.

“దుర్గా, ఇంట్లోకి ఈదురుగాలి కొడితే ఏమని అరుస్తావు?”

“తలుపెయ్యమంటానండి.”

“ఎవర్ని?”

“ఎవర్నీ కాదండీ. దగ్గర్లో ఎవరుంటే వాళ్ళు వేస్తారు కదండీ.”

“మరి గ్రౌండులో అదే అరువు. పేరూ వచ్చినట్టుంటుంది, రానట్టూ ఉంటుంది. మర్యాద తప్పావని ఎవరంటారు?”

ఆ పిల్ల చేప చేతిలో పట్టుకుని నవ్వింది. రాత్రి అన్నాల దగ్గర, ‘తలుపెయ్’ అంటే ఎడమకి జరగాలని తలుపులమ్మకి చెప్తే, “ఇదేం తిరకాసే అమ్మా” అంది. వద్దనలేదు.

అమలాపురంలో మొదటిసారి వినపడింది, “తలుపెయ్!” అని. తలుపులమ్మ ఎడమకి ఒక్క దూకు దూకి దారి మూసేసింది. చూడ్డానికొచ్చిన కుర్రాళ్ళు “ఇక్కడ తలుపులెక్కడున్నాయే? గొళ్ళెం కూడా పెట్టమంటావా?” అని ఎగతాళి చేశారు. మేం గెలిచాం. భీమవరంలో డ్రా చేశాం. తణుకులో మళ్ళీ గెలిచాం. వ్యానులో పిల్లలు అడుగడుగునా తలుపెయ్ తలుపెయ్ అని అరిచి డ్రైవర్ని విసిగించేవాళ్ళు.

కాకినాడలో మాత్రం ఆ మాట సరిపోలేదు. అక్కడి పిల్లలు ఎడమ నుంచి కాదు, కుడి నుంచి, మధ్యలోంచి, ఎటు ఖాళీ ఉంటే అటు నుంచి వచ్చారు. వెనక్కి రమ్మనాల్సిన చోట వీరదుర్గ “తలుపెయ్!” అంది. ముందుకెళ్ళమనాల్సిన చోటా అదే అంది. ప్రతిసారీ తలుపులమ్మ ఎడమకే పరిగెత్తింది. మూడు గోలులు పడ్డాయి.

“ఏమంటున్నావో నీకైనా అర్థమవుతోందా?” అని గ్రౌండు మధ్యలోనే కేకలేసింది తలుపులమ్మ. “నన్ను గానుగెద్దులా తిప్పుతున్నావు!”

“క్షమించండి వదినగారండీ.”

“ఆ అండీ తీసి అవతల పారెయ్!”

ప్రసన్నకుమార్ కోప్పడలేదు. “ఇంటికి ఒక్క తలుపే ఉంటుందా అమ్మా? దొడ్డిగుమ్మం ఉంటుంది, కిటికీలుంటాయి. ఒక్క మాటతో ఎన్ని మూస్తావు? రాజమండ్రిలో ఆఖరి మ్యాచ్ నీకే ఇస్తున్నాను. ఆ తర్వాత వచ్చే ఏటి జట్టు పేర్లు రాసి పంపేస్తాను” అన్నాడు.

అప్పటికి లీగులో మాకు పైకి వెళ్ళే ఆశా లేదు, అట్టడుగున పడే భయమూ లేదు. రాజమండ్రిలో తేలాల్సింది వీరదుర్గ సంగతొక్కటే. అది జట్టులో అందరికీ తెలుసు.

సముద్రంలో చేపల వేట నిషేధం మొదలై మగాళ్ళంతా ఒడ్డునే ఉన్నారు. అందుకని రమణ, వాడి పడవ వాళ్ళు, ఇంకో వ్యాను నిండా మా వీధివాళ్ళు మ్యాచ్ చూడ్డానికొచ్చారు. ఆ పిల్లకి ఇంకా నోరు కట్టేసినట్టయింది. మొదటి సగంలో “తలుపెయ్” అని ఒకసారి అంది, అంతే. రాజమండ్రి వాళ్ళు ఒక గోలు కొట్టారు. విశ్రాంతి అయ్యాక మా జట్టులోని సాయిదుర్గ ఒకటి కొట్టింది. ఒకటీ ఒకటీ అయింది.

ఇంక కాసేపట్లో ఆట అయిపోతుందనగా తలుపులమ్మ పిక్క పట్టుకుని కూలబడింది. మనుషుల్ని మార్చుకోవడానికి ఇచ్చిన అవకాశాలు అప్పటికే అయిపోయాయి. బయటికొస్తే ఒక మనిషి తక్కువతో ఆడాలి. ప్రసన్నకుమార్ వచ్చెయ్యమని చెయ్యి ఊపాడు. అది వినకుండా లేచి, కుంటుకుంటూ వెళ్ళి గోలు ముందు నిలబడింది. అక్కడుంటే అడ్డంగానైనా పనికొస్తానని దాని ఉద్దేశం.

బెంచీ మీద నా పక్కనున్న నాగశ్రీ తల పట్టుకుంది.

“అయ్యో, అక్క అక్కడుండకూడదు పిన్నిగారూ!”

“ఏం? కాపలా ఉంటుంది కదా?”

“గోలీని వదిలేస్తే, మనవాళ్ళలో అందరికంటే వెనకున్న మనిషి దాకా అవతలివాళ్ళు వచ్చి నిలబడొచ్చండి. బంతి కొట్టేటప్పుడు ఆ మనిషిని దాటి గోలు వైపు ఉంటేనే ఆఫ్‌సైడు. అక్క గోలు దగ్గరుంది కాబట్టి, వాళ్ళు కూడా గోలు దగ్గరికి వచ్చేస్తారు. కుంటికాలితో అక్క వాళ్ళని ఆపలేదు.”

అన్నట్టే అయింది. రాజమండ్రి పొట్టిపిల్ల ఒకతి తలుపులమ్మ పక్కకే వచ్చి నిలబడి బంతి అందుకుని కొట్టింది. వీరదుర్గ కాలు చాపి తన్నేసింది. లేచి, మోకాలికి అంటిన మట్టి దులుపుకోకుండా, “వదినగారండీ…” అని మొదలుపెట్టి ఆగిపోయింది. తలుపులమ్మ వెనక్కి చూసి, “నాకేం పర్లేదు, నువ్వు బంతి చూసుకో” అంది. అక్కణ్ణుంచి కదల్లేదు.

బంతి మళ్ళీ మధ్యగీత దాటి వస్తోంది. పొట్టిపిల్ల ఇంకా అక్కడే ఉంది.

“తలుపూ!”

గ్రౌండంతా వినపడింది. నేను ఆ గొంతు అంతకు ముందెప్పుడూ వినలేదు.

“తలుపూ, పో! ముందుకు పో! ఇక్కడుండకు, పోవే!”

తలుపులమ్మ గిరుక్కున తిరిగింది. ఒక్క క్షణం ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. తర్వాత నా కూతురు కుంటుతూ, ఒంటికాలి మీద ఎగురుతూ, పళ్ళు బిగించి ముందుకు పరిగెత్తింది. “సాయీ, పైకి! అందరూ పైకి రండి!” అని వీరదుర్గ ఇంకా అరుస్తూనే ఉంది.

“ఏంటే అమ్మా, అది మా అక్కని పోవే అంటోందేంటి?” అన్నాడు నా వెనక రమణ.

“నోర్మూసుకుని ఆట చూడరా” అన్నాను.

రాజమండ్రి వాళ్ళు బంతి పొట్టిపిల్లకి కొట్టారు. ఆ పిల్ల దాన్ని వలలోకి నెట్టి చేతులెత్తి గంతులేసింది. గీత పక్కన లైన్ రిఫరీ జెండా ఎత్తే ఉంది. వాళ్ళు బంతి కొట్టేసరికే తలుపులమ్మ ఆ పిల్లని దాటి ముందుకెళ్ళిపోయింది, పొట్టిపిల్ల వెనక ఒంటరిగా మిగిలింది. ఆఫ్‌సైడు. గోలు చెల్లదన్నారు. కాసేపటికి విజిలూ వేశారు.

పిల్లలు వీరదుర్గ మీద పడ్డారు. నాగశ్రీ అందరికంటే ముందు పరిగెత్తి, “నా నోరు నాకిచ్చెయ్ అక్కా!” అంటూ కావలించుకుంది. ప్రసన్నకుమార్ వచ్చి, “వచ్చే ఏడూ నువ్వే” అని రెండు మాటల్లో తేల్చేశాడు. ఆ పిల్ల ఆ మాట విందో లేదో. తలుపులమ్మ ఎక్కడుందా అని చూస్తోంది. తలుపులమ్మ అవతలి గోలు దగ్గర నేలమీద కూర్చుని పిక్క నొక్కుకుంటోంది. ఎవరి వైపూ చూడలేదు.

వ్యానెక్కి ఇంటిదారి పట్టాం. సిద్ధాంతం వంతెన దాటాక టీకి ఆపారు. వీరదుర్గ అందరికీ టీలు తెచ్చిచ్చింది. చివరికి ఒక గ్లాసు పట్టుకుని తలుపులమ్మ సీటు దగ్గర నిలబడింది. వ్యానులో ఎవరూ టీ తాగడం లేదు.

తలుపులమ్మ గ్లాసు అందుకుంది.

“ఆలస్యంగా చెప్పావు” అంది. “ఆ ముందు బంతికే నన్ను పొమ్మనాల్సింది. అప్పుడే గోలు పడాల్సింది తెలుసా?”

వీరదుర్గ తల దించుకుంది. అలాగేనండి అంటుందనుకున్నాను.

“ముందు బంతికి మీరు మరీ అంత వెనక లేరు వదినగారండీ” అంది.

“లేకపోవడమేంటి? గోలు కర్రని ఆనుకునే ఉన్నాను!”

“కాదండీ. అప్పటికి మీరు పెనాల్టీ బాక్సు గీత దగ్గరున్నారండి. కర్ర దగ్గరికొచ్చింది ఆ తర్వాతండి.”

“వెనకనుంచి నీకేం కనపడుద్ది?”

“వెనకనుంచే కదండీ అన్నీ కనపడేది.”

“ఇటు కూర్చో. చెప్తాను” అని తలుపులమ్మ సీటులో పక్కకి జరిగి, అరచేతిలో వేలితో గీతలు గీసి చూపించడం మొదలుపెట్టింది. వీరదుర్గ ఆ వేలు పట్టుకుని ఇంకోచోట పెట్టింది. పెనుగొండ దాటింది, మార్టేరు దాటింది. ఇద్దరూ తగ్గలేదు. పాలకొల్లు దగ్గర ప్రసన్నకుమార్ లేచి ఇంక ఆపండమ్మా అన్నాడు గానీ, వాళ్ళు వినిపించుకోలేదు.