పాడ్యమి రాకముందే

శశికాంత్ తలకు తెల్లటి హుడ్ తొడిగి, మాస్కు ముక్కు మీదికి లాక్కుని, ఒక గ్లవ్ మీద ఇంకో గ్లవ్ వేసుకున్నాడు. అమెరికాలో, చాండ్లర్‌లోని ఆ కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో, దుమ్ము చేరకూడని క్లీన్‌రూమ్‌లోకి వెళ్ళే మనిషికి కళ్ళు తప్ప ఏమీ కనబడకూడదు. సొంత ఫోన్ బయట లాకర్లోనే ఉండాలి. ఇన్నేళ్ళలో ఆ నియమం అతణ్ణి ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు. ఇవాళ మాత్రం లాకర్ తలుపు రెండుసార్లు తెరిచి ఫోన్ చూసుకున్నాకే ఇటు వచ్చాడు.

కూతురు అవనికి రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి దూరాన ఉన్న చిన్న కాలేజీ. అందులో చేరితే డిగ్రీ తర్వాత మెడికల్ స్కూల్లో సీటు ఖాయం. రెండోది పెద్ద యూనివర్సిటీలో బిజినెస్. ఏదో ఒకటి తేల్చడానికి ఇవాళే గడువు. "ఈవెనింగ్ దాకా థింక్ చేస్తా నాన్నా, ప్లీజ్" అంది నిన్న. సరేనన్నాడు. అన్నాక గుడివాళ్ళు ఇచ్చిన క్యాలెండర్ చూశాడు. ఇవాళ పొద్దున్నే పౌర్ణమి వెళ్ళిపోయి పాడ్యమి వచ్చేస్తుంది. పాడ్యమి నాడు వాళ్ళింట్లో కొత్త చెప్పులు కూడా కొనరు, అలాంటిది పిల్ల చదువు మొదలుపెడతారా?

తెల్లవారుజామున స్నానం చేసి, దీపం పెట్టి, కూతురి లాగిన్ తెరిచాడు. అప్లికేషన్ల రోజుల నుంచి ఆ పాస్‌వర్డ్ ఇంటిల్లిపాదికీ తెలుసు. లాప్‌టాప్‌ను కళ్ళకద్దుకుని మరీ మెడికల్ సీటు ఒప్పుకున్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. పిల్ల మళ్ళీ మనసు మార్చుకుంటుందేమోనని రెండో కాలేజీకి అక్కర్లేదని కూడా చెప్పేసి డ్యూటీకి వచ్చేశాడు మహానుభావుడు.

వాక్యూమ్ పంపు ఆగితే అతణ్ణి పిలుస్తారు, నడుస్తుంటే మర్చిపోతారు. అతని ఉద్యోగమంతా అంతే. పాలిటెక్నిక్‌లో చేరింది తండ్రి చెప్పాడని, ఈ దేశం వచ్చింది బావమరిది చెప్పాడని. నీకేం చదవాలనుందని అతణ్ణి ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పడానికి ఏమీ ఉండేది కాదేమో, అది వేరే సంగతి. పక్కవాళ్ళు ఉద్యోగాలు పోయి అట్టపెట్టెల్లో సామాన్లు సర్దుకుని వెళ్ళిపోవడం మాత్రం చాలాసార్లు చూశాడు. డాక్టర్లకు లేఆఫ్ ఉండదు. అతని లోకజ్ఞానమంతా ఆ ఒక్క ముక్కలో ఉంది.

బ్రేక్‌లో లాకర్ తీసేసరికి ఫోన్ నిండా భార్య విజయశ్రీ కాల్సే. తిరిగి ఫోన్ చేశాడు.

"ఏం చేశారండీ మీరు? అది స్కూల్‌కి వెళ్ళలేదు, ముద్ద ముట్టలేదు. ఆ యూనివర్సిటీకి ఫోన్ చేసి సీటు వెనక్కి ఇమ్మని అడుగుతోంది."

"మెడిసిన్ ఇష్టమని మొన్న అదే అంది కదే!"

"ఇష్టమంటే మీరు నొక్కేస్తారా?"

ఒంట్లో బాగాలేదని సూపర్‌వైజర్‌కు చెప్పి ఇంటికి బయలుదేరాడు. ఆ ముక్క అబద్ధం కూడా కాదు.

అవని డైనింగ్ టేబుల్ దగ్గర ఉంది. ఎదురుగా లాప్‌టాప్, స్పీకర్లో ఫోన్. అవతల యూనివర్సిటీ నుంచి ఎవరో అమ్మాయి సీటు తిరిగి ఇచ్చామని చెబుతోంది. అవని థాంక్స్ చెప్పి పెట్టేసింది.

"నేను మెడ్‌నే పిక్ చేసేదాన్ని నాన్నా. ఈవెనింగ్ మీ ఇద్దరికీ చెప్దాం అనుకున్నా. హాస్పిటల్‌లో వాలంటీర్ చేశాను కదా, నాకు అక్కడ చాలా ఇష్టం."

శశికాంత్ ముఖం వెలిగింది. "మరింకేం తల్లీ..."

"ఇప్పుడు అది నేను పిక్ చేశానో, నువ్వు చేశావో నాకు తెలీట్లేదు. హార్డ్‌గా ఉన్న ప్రతిసారీ నిన్నే బ్లేమ్ చేస్తా. ఐ డోంట్ వాంట్ టు హేట్ యూ."

"పాడ్యమి వచ్చేస్తోందని..."

"పాడ్యమి అంటే ఏంటి?"

అతను గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. అవని లాప్‌టాప్ అతనికి కనబడేలా తిప్పి, బిజినెస్ సీటు ఒప్పుకుంది. మెడికల్ సీటు వదులుకుంటున్నట్టు నొక్కేటప్పుడు ఆమె వేలు ఆగింది. వద్దనే హక్కు పొద్దున్నే పోగొట్టుకున్నానని అతనికి తెలుసు. అవని కళ్ళు తుడుచుకుని నొక్కేసింది. అతనికి ఏడుపొచ్చింది. తప్పయిపోయిందని అనాలనుకుని, "తిన్నావా?" అన్నాడు.

"ఫ్రెండ్ ఇంట్లో తింటా."

అవని తన గదిలోకి వెళ్ళి ఏవో సర్దుకుని, బ్యాగుతో గరాజ్‌లోంచి బయటికి నడిచింది. బయట ఉన్న ఆమె కారు వెనక్కి వెళ్ళి వీధి మలుపు తిరిగింది. విజయశ్రీ లోపల పప్పుకు పోపు పెడుతోంది.

కాసేపటికి గరాజ్ తలుపు వేద్దామని శశికాంత్ వెళ్ళాడు. ఎవరికైనా ఇచ్చేయడానికి పక్కన పెట్టిన పాత బట్టల సంచి మీద హాస్పిటల్ వాళ్ళు వాలంటీర్లకిచ్చే నీలం చొక్కా మడతపెట్టి ఉంది, అవని పేరున్న బ్యాడ్జీ దాని జేబుకి ఇంకా తగిలించే ఉంది.