అప్పగింతలు కాని పెళ్ళికూతురు

నుద్రత్‌కి నిఖా జరిగి రెండేళ్ళు దాటింది. అయినా ఆమె ఇంకా ముల్తాన్‌లో, పుట్టింట్లో, పెళ్ళికి ముందు పడుకున్న మంచం మీదే పడుకుంటోంది. పొద్దున్నే లేచి ఆడపిల్లల బడికి వెళ్ళి లెక్కలు చెప్పి రావడం, సాయంత్రం అబ్బూకి, అదే నాన్నకి, టీ పెట్టివ్వడం, ఏమీ మారలేదు. మారిందల్లా ఒక్కటే. ఇదివరకు "పెళ్ళెప్పుడు?" అని అడిగేవాళ్ళు, ఇప్పుడు "అత్తారింటికెప్పుడు?" అని అడుగుతున్నారు.

నిఖా అంత తొందరగా చేయడానికి కారణం దాదీ. ఆ చలికాలం నాన్నమ్మ గుండెల్లో నిమ్ము చేరి, వారం గడవడం కష్టమన్నారు డాక్టర్లు. "పిల్ల నిఖా చూసి కళ్ళు మూస్తాను" అని ఆవిడ పట్టుబట్టింది. సంబంధం అప్పటికే ఖాయమై ఉంది కాబట్టి, శుక్రవారం నమాజు కాగానే మౌల్వీ సాబ్‌ని పిలిపించి ముసలావిడ మంచం పక్కనే నిఖా చదివించేశారు. అప్పగింతలు, అదే రుఖ్సతీ, ఈద్ తర్వాత పెద్ద హాల్లో ఘనంగా చేద్దామనుకున్నారు. మౌల్వీ సాబ్ ఖర్జూరాలు పంచి వెళ్ళిన నాలుగో రోజున దాదీ లేచి కూర్చుని మేక కాళ్ళ పాయా షోర్బా అడిగింది. ఆవిడ కోలుకుంది. అప్పగింతలు మంచాన పడ్డాయి.

ముందు పెళ్ళికొడుకు యావర్ పెదనాన్న పోయాడు. నలభై రోజులు ఆగారు. నలభై అయ్యాక పెద్దమ్మ, ఏడాదిపాటు ఇంట్లో డోలు మోగడానికి వీల్లేదంది. ఏడాది తిరిగేసరికి ఎండలు ముదిరాయి. ఎండల వెనకే ముహర్రం వచ్చింది. ఆ తర్వాతి నెల మంచిది కాదన్నారు. అదీ దాటేసరికి పొగమంచు కమ్మి దారులు మూసుకున్నాయి. పొగమంచు విడిపోయే వేళకి ఇద్దరు తండ్రులకీ పేచీ వచ్చింది. నుద్రత్ తండ్రి సుల్తాన్ సాబ్‌కి సొంత చెల్లెలితో తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. పంచుకున్న ఇంట్లో ఒక గోడ గురించి మొదలైన గొడవ అది. ఆ చెల్లెలి మొగుడేమో యావర్ తండ్రికి ప్రాణస్నేహితుడు.

"ఆవిడని పిలిస్తే నా కూతురి అప్పగింతలకి నేనుండను" అన్నాడు ఈయన.

"పిలవకపోతే పెళ్ళివారి బారాత్ మా ఖానేవాల్ దాటదు" అన్నాడు ఆయన.

రెండు నెలలుగా ఇద్దరూ ఫోన్లో కూడా పలకరించుకోవడం లేదు.

ఈ రెండేళ్ళలోనే నుద్రత్ తన మొగుణ్ణి ప్రేమించడం మొదలుపెట్టింది. నిఖాకి ముందు అతణ్ణి చూసింది రెండేసార్లు, అదీ నలుగురి మధ్య. తర్వాత ప్రతి ఆదివారం నాలుగింటికి ఫోన్ వచ్చేది. అమ్మీ తలుపు బార్లా తీసి, ఎదురుగా కూర్చుని బఠాణీలు ఒలిచేది. యావర్ ఖానేవాల్‌లో పశువుల డాక్టరు. మొదట్లో అతనికి ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. ఒకసారి ఉన్నట్టుండి, "నిన్న ఒక గేదెకి కడుపులో దూడ అడ్డం తిరిగిందండీ. మూడు గంటలు కష్టపడ్డాను. దక్కలేదు. ఆ రైతు ముందు ఏడ్చేశాను, సిగ్గులేకుండా" అన్నాడు.

"భార్యతో మాట్లాడే మాటలేనా ఇవి!" అంది అమ్మీ, విని.

నుద్రత్ మనసు మాత్రం ఆ మాట దగ్గరే జారిపోయింది. ఆ తర్వాత బడిలో మధ్యాహ్నం విరామంలో, టీచర్ల గది వెనక నిలబడి, తన మొగుడితో తానే దొంగచాటుగా ఫోన్లో మాట్లాడటం అలవాటు చేసుకుంది.

కిందటి వేసవిలో అతను మామిడిపళ్ళ పెట్టెతో ఇంటికొచ్చాడు. ముందుగది బైఠక్‌లో అబ్బూతో రెండు గంటలు కూర్చున్నాడు. పరదా కిందినుంచి నుద్రత్‌కి కనిపించినవి అతని బూట్లు మాత్రమే. అతను వెళ్ళాక వంటింట్లో గిన్నెలు గట్టిగా పడేసింది.

"అమ్మీ, నేనాయన భార్యనా, కాదా?"

"భార్యవే. ఎవరు కాదన్నారు?"

"మరి ఎదురుగా కూర్చుని ఒక టీ తాగకూడదా? మతం ఒప్పుకోదా?"

"మతం ఒప్పుకుంటుందే తల్లీ. మన మొహల్లా జనం ఒప్పుకోరు. అప్పగింతలు కాని పిల్ల మొగుడితో నవ్వుతూ కనపడితే ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారు? మొగుడితో నవ్విందనుకుంటారు."

"నోరు ముయ్యి, దాదీ వింటుంది" అంది అమ్మీ. పక్కగదిలో దాదీ విననే విన్నది.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం, మూడో పీరియడ్‌లో నుద్రత్ ఫోన్ మోగింది. యావర్ దగ్గర పనిచేసే ముసలి కాంపౌండర్ గుల్‌షేర్ చాచా.

"బేటీ, కంగారు పడకు. డాక్టర్ సాబ్‌ని గేదె తన్నింది. మోకాలి కింద రెండెముకలూ విరిగాయి. ముల్తాన్ పెద్దాసుపత్రికి తీసుకొచ్చాను. వెంటనే ఆపరేషన్ చెయ్యాలంటున్నారు, ఇంటివాళ్ళ సంతకం కావాలట. ఆయన నొప్పి సూది మత్తులో ఉన్నారు. పెద్దాయనేమో లాహోర్ కోర్టులో ఉన్నారు, ఫోన్ కలవట్లేదు. అమ్మగారు మోకాళ్ళ నొప్పులతో ఇప్పుడే బస్సెక్కారు. నాకు నీ పేరు తప్ప ఇంకేదీ తోచలేదు."

ఆమె ముందు ఇంటికే ఫోన్ చేసింది. అదే ఆమెకి ఆ తర్వాత చాలా రోజులు ఒళ్ళు మండించిన సంగతి. అంత ప్రమాదంలోనూ ముందు అనుమతి అడిగింది.

"నువ్వు కదలకు" అన్నాడు అబ్బూ. "వాళ్ళ నాన్న లేనప్పుడు మనం దూరితే బాగుండదు. సాయంత్రం నేనెళ్ళి చూసొస్తాలే."

"సాయంత్రం దాకా ఆయన కాలు అలా వేలాడాలా అబ్బూ?"

"ఆసుపత్రివాళ్ళకి తెలుసు ఏం చెయ్యాలో. నువ్వు వెళ్తే రేపు వాళ్ళే అంటారు, పిల్లకి ఆత్రం ఆగలేదని."

నుద్రత్ ఫోన్ పెట్టేసింది. చేతికున్న సుద్దపొడి కూడా దులుపుకోకుండా, తలమీది దుపట్టా సర్దుకుని రిక్షా ఎక్కింది.

ఎముకల వార్డు ముందు నర్సు కాగితాల బల్ల వెనక కూర్చుని ఉంది.

"యావర్ అబ్బాస్ తాలూకు ఎవరు?"

"నేనే."

"ఏమవుతావు?"

"భార్యని." ఆ మాట ఒక పరాయి మనిషి ముందు పైకి అనడం అదే మొదటిసారి.

"పెళ్ళై ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు."

"పిల్లలెంతమంది?"

"లేరు."

నర్సు జాలిగా చూసింది. "బాధపడకు, ఇక్కడ మంచి లేడీ డాక్టరుంది. తర్వాత చూపించుకో. ముందిక్కడ సంతకం పెట్టు" అంది. నుద్రత్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సంతకం పెట్టింది.

లోపల యావర్ తెల్లగా పాలిపోయి ఉన్నాడు. నిఖా రోజు తర్వాత అతని ముఖం అంత దగ్గరగా చూడటం ఇదే మొదటిసారి. చెయ్యి పట్టుకుంది. అతను కళ్ళు సగం తెరిచాడు.

"మీరా? ఎవరన్నా చూస్తే?"

"చూడనివ్వండి!" ఆమె గొంతు ఎంత పెద్దగా వచ్చిందంటే, పక్క మంచం మీది ముసలాయన ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. "కాలు విరిగినా మీకు అదే భయమా?"

ఆపరేషన్ అయ్యేసరికి పొద్దు వాలే అసర్ నమాజు వేళ దాటింది. యావర్ తల్లి వచ్చి, కోడల్ని చూసి ముందు తెల్లబోయి, తర్వాత కుర్చీలో కూలబడి ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చింది. సాయంత్రం సుల్తాన్ సాబ్ వచ్చేసరికి నుద్రత్ స్టూలు మీద కూర్చుని చెంచాతో యావర్‌కి నీళ్ళు పడుతోంది. ఆయన అల్లుణ్ణి "ఎలా ఉంది బేటా" అని అడిగాడు. కూతుర్ని కళ్ళతోనే బయటికి పిలిచాడు.

మర్నాడు ఒక వింత జరిగింది. రెండు నెలలుగా మాటల్లేని తండ్రులిద్దరూ ముప్పావుగంట ఫోన్లో మాట్లాడుకున్నారు. వచ్చే వారం శుక్రవారమే అప్పగింతలు. హాలు లేదు, డోలు లేదు, అటు పదిమంది ఇటు పదిమంది. చెల్లెల్ని పిలిచే సంగతి ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

"సంతోషమేనా ఇప్పుడు?" అంది అమ్మీ. "జరిగిందేదో జరిగిపోయింది. నలుగురి నోళ్ళలో పడకముందే కప్పేద్దాం."

"కప్పేయడానికి ఏం జరిగిందమ్మీ?"

"ఏం జరిగిందా? వార్డులో అందరిముందూ చెయ్యి పట్టుకుని కూర్చున్నావట!"

"ఎవరి చెయ్యి పట్టుకున్నాను? చెప్పండి, ఎవరిది?" నుద్రత్ అబ్బూ వైపు తిరిగింది. "రెండేళ్ళు బతిమాలాను. పెద్దమ్మ దుఃఖం అన్నారు, ఎండలన్నారు, పొగమంచన్నారు, గోడన్నారు. అప్పుడు దొరకని శుక్రవారం ఇప్పుడెలా దొరికింది? నా సంతోషం కోసం మీకు తీరిక లేదు. మీ పరువు కోసం మాత్రం వారంలో ముహూర్తం కుదిరింది."

"నోరు పెరిగింది నీకు" అన్నాడు సుల్తాన్ సాబ్.

"ఆయన్ని సోమవారం ఇంటికి పంపుతున్నారు. అత్తగారు నిలబడలేరు. నేను సోమవారమే వెళ్తాను. తప్పు చేసినదాన్ని సర్దినట్టు శుక్రవారం సర్దించుకోను."

"అలా వెళ్తే నేను గుమ్మం దాకా కూడా రాను."

"రాకండి అబ్బూ."

అన్నదిగానీ, గదిలోకి వెళ్ళాక ముందు బీరువా తెరిచింది. కలలుగన్న రోజు కాదిది. ఎర్ర పెళ్ళి జోడా లోపలే ఉంది, రెండుసార్లు కుట్లు విప్పి వదులు చేయించింది. దాన్ని అక్కడే ఉంచి, రోజూ బడికి వేసుకెళ్ళే బట్టలు నాలుగు సంచీలో పెట్టుకుంది.

సోమవారం పొద్దున అబ్బూ పెందలాడే బయటికి వెళ్ళిపోయాడు. అమ్మీ వంటింట్లోంచి రాలేదు. దాదీ ఒక్కతే గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, అప్పగింతల రోజు పెళ్ళికూతురికి పట్టినట్టే ఖురాన్ ఎత్తి మనవరాలి తలమీదుగా పట్టుకుంది. నుద్రత్ దానికింద నుంచి వంగి దాటింది.

"నా మూలంగానే వచ్చింది ఇదంతా" అంది దాదీ. "సమయానికి పోయుంటే మూడో నెల్లోనే పంపించేసేవాళ్ళు నిన్ను."

"ఊరుకో దాదీ. నువ్వు పోయుంటే నలభై రోజులు నీకోసం, ఏడాది ఇంకెవరికోసమో ఆపేవాళ్ళు."

ఖానేవాల్‌లో ఆమె కోసం ఏదీ సిద్ధంగా లేదు. మంచం కొత్తది రాలేదు, గదికి సున్నం వెయ్యలేదు. "నువ్వు రావడం మంచిదేలే బేటీ, కానీ మావాళ్ళకి ఏం చెప్పను?" అని అత్తగారు రోజుకి మూడుసార్లు అనేది. వాడకట్టు ఆడవాళ్ళు పరామర్శ పేరుతో వచ్చేవారు. విరిగిన కాలు అరనిమిషం చూసి, డోలు మోగకుండా వచ్చిన కోడల్ని అరగంట చూసేవారు. నుద్రత్ వాళ్ళకి టీలు పెట్టిపెట్టి అలిసిపోయింది.

వాటన్నిటినీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది యావర్ అన్న మాట. మూడోరోజు, కాలు కింద దిండు సర్దుతుంటే నొప్పికి పళ్ళు బిగించి, "నాలుగు రోజులాగితే ఏం పోయేది? శుక్రవారం వచ్చుంటే అందరి నోళ్ళూ మూతపడేవి" అన్నాడు.

ఆమె దిండు వదిలేసింది. "నువ్వు కూడానా?"

రెండేళ్ళలో మొదటిసారి అతణ్ణి నువ్వు అంది.

"నొప్పిలో అన్నానండీ."

"నొప్పిలో మనిషి అబద్ధం ఆడడు."

రెండురోజులు ఆమె అతనికి వేళకి మందులిచ్చింది, ఒళ్ళు తుడిచింది, రొట్టె తుంపి పెట్టింది. మాట్లాడటం మాత్రం మానేసింది. మూడో రోజు పొద్దున అతనే గోడకేసి చూస్తూ మొదలుపెట్టాడు.

"ఈ రెండేళ్ళలో మా నాన్నని ఒక్కసారి కూడా గట్టిగా అడగలేదు. పెద్దవాళ్ళే చూసుకుంటారులే అనుకున్నాను. మీరు అక్కడ దెబ్బలాడుతుంటే నేనిక్కడ దూడలకి సూదులేస్తూ కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఆ గేదెకున్న తెగువ నాకు లేకపోయింది."

నవ్వకూడదనుకుంటూనే ఆమె నవ్వింది. నవ్వినందుకు తనమీద తనకే కోపం వచ్చింది. "క్షమించానని అనుకోకండి" అంది. "అనుకోను" అన్నాడతను. దిండు సరిగ్గా పెట్టించుకున్నాడు.

పదకొండో రోజున అమ్మీ వచ్చింది, ఒంటరిగా, బస్సులో, గిన్నె నిండా ఖీమా వండుకుని. అల్లుడి కాలు గురించి అడిగింది. వియ్యపురాలితో ఎండల గురించి మాట్లాడింది. కూతురితో నేరుగా ఏమీ అనలేదు. వెళ్ళేటప్పుడు వీధి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "చిక్కిపోయావు" అంది.

"అబ్బూ ఎలా ఉన్నారు?"

"నీ పేరెత్తడు. పొద్దున ఖీమాలో ఉప్పు సరిపోయిందా అని రెండుసార్లు అడిగాడు."

నుద్రత్ తల్లి చేతిసంచీ అందుకుని బస్సు దాకా నడిచింది. బస్సు కదిలాక, అడగాల్సినవేవీ అడగలేదని గుర్తొచ్చి విసురుగా ఇంటిదారి పట్టింది. యావర్‌కి మందు వేళయింది.